ఇంటి నుంచా, ఆఫీసుకా: ఆ జవాబు వెనుక ఉన్న లెక్క

ఫోన్ ఇంటర్వ్యూ బాగానే సాగుతుంది. అనుభవం ఎంత, నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు, ఇప్పుడు జీతం ఎంత, ఎంత ఆశిస్తున్నారు, అన్నీ అయ్యాక హెచ్‌ఆర్ నుంచి చివర్లో ఒక ప్రశ్న వస్తుంది. "వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలండీ, మీకు ఓకేనా?" ఇటువైపు రెండు సెకన్ల మౌనం. ఆ రెండు సెకన్లలో అభ్యర్థి మనసులో చాలా లెక్కలు తిరుగుతాయి. మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడకు పొద్దున తొమ్మిదింటప్పుడు ఎంతసేపు పడుతుంది? పాపను స్కూలు నుంచి ఎవరు తీసుకొస్తారు? ఊళ్లో నాన్నను నెలనెలా ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు? హాస్టల్ ఫీజు మళ్లీ పెంచారా? ఇంత ఆలోచించాక నోటి నుంచి వచ్చేది మాత్రం "ఓకే అండీ" అనో, "హైబ్రిడ్ అయితే చూస్తానండీ" అనో ఒక చిన్న మాట. కంపెనీ ఫైల్లో అది ఒక టిక్కు అయిపోతుంది.

ఆ టిక్కును చాలామంది మేనేజర్లు మనిషి స్వభావంగా చదువుతారు. ఆఫీసుకు వస్తామన్నవాళ్లకు పని మీద శ్రద్ధ ఉన్నట్టు, ఇంటి నుంచి చేస్తామన్నవాళ్లకు లేనట్టు. ఇలా చదవడం పెద్ద పొరపాటు. ఆ జవాబును చాలావరకు నిర్ణయించేవి ఇంటి అడ్రసు, ఇంట్లో ఉన్న మనుషులు, వయసు, చేస్తున్న పని. ఆ నాలుగూ తెలియకుండా ఆ జవాబుకు అర్థం చెప్పలేం.

ముందు మాటల సంగతి చూద్దాం. మన ఐటీ కుటుంబాల్లో "ఆన్‌సైట్ వచ్చింది" అంటే వీసా స్టాంపింగ్ అయింది, అమెరికా ప్రయాణం ఖాయమైంది అని అర్థం. విదేశీ కంపెనీల ప్రకటనల్లో అదే మాటకు రోజూ ఆఫీసుకు రావాలనే అర్థం. అందుకే మన దగ్గర ఉద్యోగ ప్రకటనల్లో డబ్ల్యూఎఫ్‌ఓ అని రాస్తారు, అంటే వర్క్ ఫ్రమ్ ఆఫీస్. దానికి ఎదురుగా డబ్ల్యూఎఫ్‌హెచ్, అంటే వర్క్ ఫ్రమ్ హోమ్. ఈ రెంటి మధ్య హైబ్రిడ్ అనే మాట ఉంది. మూడింటిలో ఎక్కువ గందరగోళం దీనితోనే. వారానికి మూడు రోజులు రమ్మనేదీ హైబ్రిడే, నెలకు పది రోజులు రమ్మనేదీ హైబ్రిడే, మేనేజర్ పిలిచినప్పుడల్లా రావాలనేదీ హైబ్రిడే. ప్రకటనలో ఆ ఒక్క మాట చూసి దరఖాస్తు పెట్టినవాళ్లకు అసలు సంగతి తెలిసేది ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే. కొన్నిసార్లు చేరాక.

ఈ ప్రశ్న ఎలా పుట్టిందో గుర్తు చేసుకోవాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేదాకా ఇంటి నుంచి పని అంటే ఒంట్లో బాగాలేనప్పుడు మేనేజర్‌ను బతిమాలి తీసుకునే ఒక రోజు. లాక్‌డౌన్‌తో అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. ల్యాప్‌టాప్‌లు తెనాలికీ, కరీంనగర్‌కీ, అనంతపురానికీ వెళ్లిపోయాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో టీసీఎస్ ఒక పెద్ద మాట చెప్పింది. 2025 నాటికి ఏ సమయంలోనైనా ఉద్యోగుల్లో 25 శాతం మందికి మించి ఆఫీసులో ఉండాల్సిన అవసరం రాదని. 2020 నవంబరులో టెలికాం శాఖ కాల్ సెంటర్ల నిబంధనలు సడలించి, ఎక్కడినుంచైనా పని చేయడానికి దారి తెరిచింది. 2022 జూలైలో సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) నిబంధనల్లో 43ఏ అనే కొత్త నిబంధన చేర్చి, సెజ్ కంపెనీల ఉద్యోగుల్లో సగం మంది దాకా ఇంటి నుంచి పని చేసే వీలు కల్పించారు.

ఆ మాటలు నమ్మి జీవితాలు సర్దుకున్నవాళ్లు ఎందరో. ఊళ్లో ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకున్నారు, పిల్లల్ని అక్కడి బడిలోనే చేర్పించారు. ఆ తర్వాత గాలి మారింది. 2023 అక్టోబరు నుంచి టీసీఎస్ ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. 2024లో వేరియబుల్ పేను, అంటే జీతంలో పనితీరును బట్టి మారే భాగాన్ని, హాజరుకు ముడిపెట్టింది. హాజరు 85 శాతం దాటితేనే పూర్తి మొత్తం, 60 శాతానికి తగ్గితే అసలేమీ లేదు. విప్రో 2023 నవంబరు నుంచి వారానికి మూడు రోజులు తప్పనిసరి చేసింది. ఇన్ఫోసిస్ 2025 మార్చి నుంచి ఒక స్థాయి వరకు ఉద్యోగులు నెలకు పది రోజులు రావాలంది. అమెజాన్ 2025 జనవరి నుంచి ఐదు రోజుల పద్ధతికి వెళ్లింది. ఆ కంపెనీకి ప్రపంచంలోనే అతిపెద్ద క్యాంపస్ 2019లో హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే తెరుచుకుంది కాబట్టి ఆ నిర్ణయం నేరుగా మన ఇళ్లను తాకింది.

అందుకే ఇప్పుడు అనుభవం ఉన్న అభ్యర్థి "హైబ్రిడ్" అనే మాటను పూర్తిగా నమ్మడు. ఎన్నాళ్లుంటుంది ఈ పాలసీ అని అడుగుతాడు. ఆ ప్రశ్న కంపెనీకి చికాకుగా అనిపించవచ్చు కానీ అడగడంలో తప్పేమీ లేదు. మూడేళ్లలో మూడు మాటలు మారడం చూసినవాళ్లు అలాగే అడుగుతారు.

హైబ్రిడ్ అంటే ఇంటికీ ఆఫీసుకీ సరిగ్గా మధ్యలో ఉన్న మెట్టు అని చాలామంది అనుకుంటారు. సర్వేల్లో కూడా మూడు పెట్టెలు గీసి మధ్యలోది హైబ్రిడ్ అంటారు. దూరం లెక్క చూస్తే ఆ మధ్యమెట్టు మాయమైపోతుంది. కూకట్‌పల్లిలో ఉండే ఉద్యోగికి వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని దొరికితే ప్రయాణంలో పోయే సమయంలో ఐదింట రెండు వంతులు మిగిలిపోతుంది. అదే తెనాలిలో ఉండే అభ్యర్థికి వారానికి మూడు రోజులు కాదు, ఒక్క రోజు రమ్మన్నా హైదరాబాద్‌లో గది తీసుకోక తప్పదు. అద్దె పూర్తిగా కట్టాలి, అడ్వాన్స్ పూర్తిగా కట్టాలి. ఆ మనిషికి హైబ్రిడ్, ఆఫీసు రెండూ ఒకటే. ఖర్చులో తేడా రావాలంటే పూర్తిగా రిమోట్, అంటే ఆఫీసుకు రావాల్సిన అవసరమే లేని ఉద్యోగం కావాలి. అందుకే ఊరి నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లు "రిమోట్ మాత్రమే" అంటే అది మొండిపట్టు అనుకోకూడదు. వాళ్ల లెక్కలో మధ్యమెట్టు లేనే లేదు.

రోజుల్ని ఎలా లెక్కపెడతారన్నది కూడా చాలా ముఖ్యం. దీని గురించి చర్చ చాలా తక్కువ జరుగుతుంది. వారానికి మూడు రోజులంటే నాలుగు వారాలకు పన్నెండు రోజులు. నెలకు పది రోజులంటే దానికంటే రెండు రోజులే తక్కువ. అంకెల్లో పెద్ద తేడా లేదు. జీవితంలో మాత్రం చాలా తేడా ఉంది. నెల లెక్క అయితే, మేనేజర్ ఒప్పుకుంటే, విజయవాడ అమ్మాయి రెండు వారాలు వరుసగా ఆఫీసుకు వచ్చి, మిగిలిన రెండు వారాలు ఇంట్లో ఉండొచ్చు. ఆ రెండు వారాలకు హాస్టల్‌లో రోజుల లెక్కన బెడ్ దొరికితే చాలు. వారం లెక్క అయితే ప్రతి వారం ఇటూ అటూ 275 కిలోమీటర్ల చొప్పున బస్సెక్కాలి, లేదా ఇక్కడే ఇల్లు తీసుకోవాలి. పాలసీ రాసేవాళ్లు ఒక్క మాట మార్చితే అభ్యర్థుల జాబితాలోకి ఒక జిల్లా మొత్తం వచ్చి చేరుతుంది.

డబ్బు విలువలో చూస్తే ఈ వెసులుబాటు ఎంత? అలెగ్జాండర్ మాస్, అమాండా పాలే అనే ఆర్థికవేత్తలు అమెరికాలో ఒక కాల్ సెంటర్ నిజంగా చేస్తున్న నియామకాల్లోనే ఈ ప్రయోగం చేశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. సర్వేలో అడగడం వేరు, నిజంగా ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లకు రెండు ఉద్యోగాలు చూపించి ఎంచుకోమనడం వేరు. సగటున అభ్యర్థులు ఇంటి నుంచి పని చేసే వీలు కోసం జీతంలో 8 శాతం వదులుకోవడానికి సిద్ధపడ్డారు. యజమాని తన ఇష్టప్రకారం ఉన్నపళంగా షిఫ్టులు మార్చే పద్ధతి తప్పించుకోవడానికైతే 20 శాతం దాకా వదులుకుంటామన్నారు. ఈ రెండో అంకె మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. రాత్రి షిఫ్టు ఎప్పుడు పడుతుందో తెలియని సపోర్ట్ ప్రాజెక్టులో ఉన్నవాళ్లు ఇంటి నుంచి పని కావాలంటున్నప్పుడు, వాళ్లు నిజంగా అడుగుతున్నది ముందే తెలిసిన షిఫ్టు కావచ్చు.

సగటు అంకె వెనుక ఇంకో సంగతి ఉంది. అదే ప్రయోగంలో ఆడవాళ్లు, అందులోనూ చిన్నపిల్లల తల్లులు, ఇంటి నుంచి పనికి మిగతావాళ్లకంటే ఎక్కువ విలువ కట్టారు. అందరికీ సమానంగా అక్కర్లేని వెసులుబాటును అందరికీ ఒకే పాలసీగా ఇవ్వడం, తర్వాత అందరి నుంచీ ఒకేసారి తీసేసుకోవడం, రెండూ గురి తప్పుతున్నాయి.

కోరిక ఎక్కువ, ఉద్యోగాలు తక్కువ అయినప్పుడు ఏం జరుగుతుందో కూడా చూశాం. 2022 ఫిబ్రవరిలో లింక్డ్‌ఇన్‌లో అమెరికా ఉద్యోగ ప్రకటనల్లో సుమారు ఐదో వంతు రిమోట్‌వి. దరఖాస్తుల్లో సగం దాకా వాటికే వెళ్లాయి. ఆ ఖాళీలోకి మన దగ్గర మోసగాళ్లు దూరారు. ఇంట్లో కూర్చుని రోజుకు రెండు వేలు, వీడియోలకు లైక్ కొడితే చాలు అంటూ టెలిగ్రామ్‌లో మొదలై, ముందు చిన్న మొత్తం ఇచ్చి నమ్మించి, తర్వాత "టాస్క్" పూర్తి చేయడానికి డబ్బు కట్టమంటారు. 2023 డిసెంబరులో కేంద్ర హోంశాఖ ఇలాంటి వందకు పైగా వెబ్‌సైట్లను మూయించింది. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మన దగ్గర డబ్బు అడిగారంటే అది ఉద్యోగం కాదు. అప్పటికే డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇక ఇరవై రెండేళ్ల కొత్త అభ్యర్థి. పెద్ద ఐటీ సర్వీసు కంపెనీల్లో మొదటి జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయింది. నెలకు చేతికి పాతిక వేల లోపు. హాస్టల్‌కు ఎనిమిది వేలు, ప్రయాణానికి రెండు మూడు వేలు అనుకుంటే జీతంలో నలభై శాతానికి పైగా ఆఫీసుకు చేరడానికే పోతుంది. కాబట్టి ఇంటి నుంచి పని అడగడంలో పూర్తి న్యాయం ఉంది. అయినా ఈ ఒక్క దశలో, కష్టమైనా ఆఫీసు దగ్గర ఉండటమే మంచిదని చెప్పక తప్పదు.

కారణం పక్క సీటు. కోడ్ రాస్తూ ఒకచోట చిక్కుకున్న కొత్త ఉద్యోగి, పక్కన సీనియర్ ఉంటే కుర్చీ కాస్త జరిపి స్క్రీన్ చూపిస్తాడు. రెండు నిమిషాల్లో అయిపోతుంది. పైగా ఆ సీనియర్ క్లయింట్‌తో ఎలా మాట్లాడుతున్నాడు, తప్పు జరిగినప్పుడు ఎలా ఒప్పుకుంటున్నాడు, ఇవన్నీ చెవిన పడుతుంటాయి. అదే ఇంట్లో ఉంటే చాట్‌లో "హాయ్ అన్నా" అని పెట్టి ఎదురుచూడాలి. పచ్చచుక్క కనిపిస్తున్నా జవాబు రాదు. రెండోసారి అడగడానికి మొహమాటం. మూడో రోజు నుంచి అడగడమే మానేస్తాడు. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల మీద ఎమాన్యుయెల్, హారింగ్టన్, పాలే చేసిన పరిశోధన కూడా ఇదే చెప్పింది. జట్టు ఒకే భవనంలో కూర్చున్నప్పుడు కోడ్ మీద వచ్చే సూచనలు ఎక్కువ. ఆ లాభం ఎక్కువగా కొత్తవాళ్లకే, అందులోనూ అమ్మాయిలకు.

అయితే ఆఫీసుకు రమ్మని పిలిచి, సీనియర్లు బెంగళూరులోనో పుణెలోనో ఉంటే, కొత్త ఉద్యోగి గచ్చిబౌలిలో హెడ్‌సెట్ పెట్టుకుని అదే చాట్‌లో "హాయ్" పెట్టాల్సి వస్తుంది. ఆ ఉద్యోగానికి హాస్టల్ ఖర్చు దండగ. కాబట్టి కొత్తవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న "నా టీమ్ ఎక్కడ కూర్చుంటుంది?" అన్నది. ఎన్ని రోజులు రావాలన్నది దాని తర్వాతే.

ఆడవాళ్ల దగ్గరికి వస్తే ఈ విషయం అన్నిటికంటే లోతైనది. తొందరపడి తీర్పు చెప్పడానికి వీల్లేదు.

ఇంటి నుంచి పని చేస్తున్న ఒక కోడలి రోజును దగ్గరగా చూడండి. పొద్దున పదింటికి స్టాండప్ కాల్, అంటే టీమ్ రోజువారీ చిన్న మీటింగు. కాల్‌లో ఉండగానే గుమ్మం దగ్గర గ్యాస్ బండ వచ్చిందని కేక. "ఇంట్లోనే ఉన్నావుగా, కాస్త సంతకం పెట్టి తీసుకో అమ్మా." పదకొండింటికి మామగారి టీ, మాత్రలు. మధ్యాహ్నం చుట్టాలు వస్తారు. తలుపేసుకుని కూర్చుంటే మర్యాద కాదు. కరెంటు పోతే ఇన్వర్టర్ ఫ్యానుకు చాలుతుంది, రౌటర్ వైరు మాత్రం దానికి తగిలించి ఉండదు. నాలుగింటికి పాప వస్తుంది. చేయలేకపోయిన పని రాత్రి పదకొండు తర్వాత మొదలవుతుంది. ఈ "ఇంట్లోనే ఉన్నావుగా" అనే మాటలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఆ మాట ఆమె ఉద్యోగాన్ని ఖాళీ సమయం కింద లెక్కేస్తుంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారని, చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఇంటి నుంచి పని ఈ తేడా మధ్యలోకే వచ్చి కూర్చుంటుంది.

ఇక్కడే చెన్నైలో జరిగిన ఒక ప్రయోగం గురించి వివరంగా చెప్పుకోవాలి. డేవిడ్ అట్కిన్, ఆంటోనెట్ షోర్, సుమిత్ షిండే అనే పరిశోధకులు డేటా ఎంట్రీ ఉద్యోగులను తీసుకుని, ఎవరు ఇంటి నుంచి చేయాలో ఎవరు ఆఫీసులో చేయాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. 2023లో ఫలితాలు ప్రకటించారు. ఇంటికి కేటాయించినవాళ్ల ఉత్పాదకత ఆఫీసువాళ్లకంటే 18 శాతం తక్కువ. ఈ ఒక్క అంకె పట్టుకుని "చూశారా" అనేవాళ్లు ఉంటారు. అక్కడ ఆగకూడదు. ఎవరికి ఏది ఇష్టమో కూడా వాళ్లను ముందే అడిగారు. ఇల్లే కావాలన్నవాళ్లు, మొదట పెట్టిన పరీక్షలో మిగతావాళ్లకంటే 12 శాతం చురుగ్గా, తప్పులు తక్కువగా పని చేశారు. అంటే వాళ్లు బద్ధకస్తులు కారు, మెరుగైన పనివాళ్లు. మరి ఇంట్లో కూర్చోబెట్టినప్పుడు? ఆఫీసు ఇష్టమన్నవాళ్లకు ఇంట్లో 13 శాతం తగ్గితే, ఇల్లే కావాలన్నవాళ్లకు 27 శాతం తగ్గింది.

ఇల్లు కావాలన్నవాళ్లకే ఇంట్లో ఎక్కువ నష్టం జరిగిందంటే, వాళ్లు ఇంటిని ఎంచుకున్నది అక్కడ పని బాగా సాగుతుందని కాదు. చిన్నపిల్లలు, ఇంట్లో చూసుకోవాల్సిన పెద్దలు, పేదరికం, ఇలా గడప దాటనివ్వని కారణాలే ఈ తేడాలో కొంత భాగాన్ని వివరిస్తున్నాయని ఆ పరిశోధకులు చూపించారు. ఇంటర్వ్యూలో "డబ్ల్యూఎఫ్‌హెచ్ ఉంటేనే చేస్తానండీ" అన్న మాటను "బయటికి రావడానికి నాకు దారి లేదు" అని కూడా వినాలి. అలా విన్న కంపెనీ ముందు ఇంకో ప్రశ్న పుడుతుంది. దారి వేయడానికి ఏం చేయాలి?

దీనికి ఎదురుగా చైనాలో జరిగిన ప్రయోగాన్ని చాలామంది ఉదహరిస్తారు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం షాంఘైలో ఒక ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్లో సుమారు 250 మందితో 2010, 2011లలో చేసినది. ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. కానీ అందులో చేరడానికి పెట్టిన షరతులు చూడాలి. ఉద్యోగంలో చేరి కనీసం ఆరు నెలలు కావాలి, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి, పని చేసుకోవడానికి విడిగా ఒక గది ఉండాలి. విడిగా గది అనే ఆ షరతు మన రెండు పడకగదుల ఉమ్మడి ఇళ్లలో ఎందరికి కుదురుతుంది? అంత సౌకర్యం ఉన్నవాళ్లలో కూడా ప్రయోగం ముగిశాక సగం మంది ఆఫీసుకు తిరిగొచ్చేశారు. ఒంటరితనం ఒక పెద్ద కారణం. పనితీరు బాగున్నా ప్రమోషన్లు తగ్గడం కూడా అందులో బయటపడింది.

అదే కంపెనీలో, ట్రిప్.కామ్ అని పేరు మారాక, 2021, 2022లలో 1,612 మందితో హైబ్రిడ్‌ను పరీక్షించారు. వారానికి రెండు రోజులు ఇల్లు. పనితీరులో, ప్రమోషన్లలో తేడా రాలేదు. ఉద్యోగం మానేసేవాళ్లు మాత్రం మూడో వంతు తగ్గారు. తగ్గింది ముఖ్యంగా ఎవరిలోనంటే ఆడవాళ్లలో, దూరం నుంచి వచ్చేవాళ్లలో, మేనేజర్లు కానివాళ్లలో. నిబంధనలు రాసేది మేనేజర్లు. ఆ వెసులుబాటు అవసరం తమకు అంతగా లేకపోవడం వల్లే చాలాచోట్ల దాన్ని అంత తేలిగ్గా తీసేయగలుగుతున్నారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ ప్రశ్నకు ఇంకో ముడి ఉంది. హెచ్‌1బీ వీసా పని చేసే చోటుకు కట్టుబడి ఉంటుంది. 2015లో అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చిన సిమియో నిర్ణయం తర్వాత, పనిచేసే చోటు వేరే మహానగర ప్రాంతానికి మారితే కంపెనీ వీసా పిటిషన్ సవరించక తప్పదు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇంటి నుంచి పని చేస్తూ, అద్దె తక్కువని హ్యూస్టన్‌కు మారాలంటే ముందు లాయర్‌తో మాట్లాడాలి. ప్రకటనలో "రిమోట్" అని ఉన్నంత మాత్రాన వీసాకు అది వర్తించదు.

మళ్లీ ఇక్కడికి వద్దాం. 2025 ఫిబ్రవరి 11న, విజ్ఞానశాస్త్రంలో మహిళలు, బాలికల దినోత్సవం రోజు, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యంగా మహిళల కోసం పెద్ద ఎత్తున ఇంటి నుంచి పనిని ప్రోత్సహిస్తామని ప్రకటించారు. కొత్త ఐటీ, జీసీసీ (విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకునే సొంత పని కేంద్రాలు) విధానం కింద నగరాల్లో, పట్టణాల్లో, మండలాల్లో కూడా ఐటీ ఆఫీసు స్థలాలు కట్టేవాళ్లకు ప్రోత్సాహకాలిస్తామన్నారు. ఈ రెండు మాటల్లో రెండోదే బలమైనది. చెన్నై ప్రయోగం చూపించిన సమస్యకు ఇల్లు పూర్తి మందు కాదు, నగరం అంతకన్నా కాదు. తెనాలిలో ఇంటి నుంచి పది నిమిషాల్లో చేరగలిగే ఒక బల్ల, కరెంటు పోయినా ఆగని నెట్, "ఇంట్లోనే ఉన్నావుగా" అనే మాట వినపడని ఒక గది ఉంటే, గడప దాటలేనన్న అమ్మాయి గడప దాటుతుంది. హైదరాబాద్ అద్దె కట్టలేనన్న అబ్బాయికీ అదే చాలు.

ఒక్కటి మాత్రం ఇప్పుడే తేల్చాలి. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టంలో చేరి, 2025 నవంబరు నుంచి సామాజిక భద్రతా కోడ్‌లోకి మారిన నిబంధన ప్రకారం 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ పిల్లల సంరక్షణ కేంద్రం నడపాలి. మండల కేంద్రంలోని అలాంటి ఆఫీసులో ఎనభై మంది కూర్చుంటారనుకుందాం. ఇరవై కంపెనీల నుంచి తలా నలుగురు. ఇది మా లెక్కలోకి రాదని ఇరవై కంపెనీలూ తప్పుకోవచ్చు, భవనం కట్టినవాళ్లు వీళ్లు మా ఉద్యోగులు కాదనవచ్చు. ఆ ఎనభై మందిలో చంటిబిడ్డల తల్లులు ఉంటారు. పిల్లల గది ఎవరు పెట్టాలో, ఆయా జీతం ఎవరు ఇవ్వాలో విధానంలోనే రాసి పెట్టకపోతే ఆ తల్లులు మొదటి నెలలోనే బల్ల ఖాళీ చేసి ఇంటికి వెళ్లిపోతారు. తర్వాతి ఇంటర్వ్యూలో వాళ్ల పేరు పక్కన మళ్లీ అదే టిక్కు పడుతుంది, డబ్ల్యూఎఫ్‌హెచ్ మాత్రమే అని.